లాంతరోళ్ళ మూడో ఆట

మా తాత జగన్నాథం బొగ్గు బళ్ళు నడిపి రిటైరైన మనిషి. కోర్బా గనుల దగ్గర వ్యాగన్ల నిండా బొగ్గు నింపుకుని, ఎక్కడెక్కడి కరెంటు కంపెనీలకో చేర్చడం ఆయన పని. ప్యాసింజరు బండి నడిపే యోగం చివరిదాకా పట్టలేదు. దానికాయన బాధపడడు. "నా బండెక్కిన సరుకు ఒక్కనాడూ నా మీద కంప్లైంటు రాయలేదు" అని తనే చెప్పి తనే నవ్వుకుంటాడు.

ఇప్పుడాయన బిలాస్‌పూర్‌లో, లింగియాడీహ్‌లో మా యింటి ముందుగదిలో, టీవీ ఎదురుగా చెక్క కుర్చీ వేసుకుని, రెండు చేతులతో వీడియో గేమ్ రిమోట్ పట్టుకుని కూర్చుంటాడు. కూర్చునే తీరు మాత్రం ఇంకా ఇంజనులోదే. వీపు నిటారుగా, మోకాళ్ళు దగ్గరగా, పక్కన స్టీలు గ్లాసులో టీ. ఆట మొదలెట్టే ముందు మెడలో తువ్వాలు సర్దుకుని ఒకసారి గొంతు సవరించుకుంటాడు. ఎవరో పచ్చజెండా ఊపాలన్నట్టు.

ఆ గేమ్ డబ్బా ఇంట్లోకి రావడానికి కారణం నేను. పన్నెండో తరగతి రెండోసారి కూడా తప్పి ఖాళీగా తిరుగుతుంటే, మా నాన్న శివాజీ తను పనిచేసే రైల్వే షెడ్డులో ఎవరో అమ్మేస్తున్న పాతది తెచ్చి పడేశాడు. దాంతోనైనా నేను ఇల్లు కదలకుండా ఉంటానని ఆయన ఆశ. ఇల్లు కదలకుండా ఉండిపోయింది మాత్రం తాత.

మొదట్లో నేను కాల్చుకునే ఆటలు ఆడేదాన్ని. తాత వెనక నిలబడి చూసేవాడు.

"ఎందుకే వాణ్ణి కాల్చీసినావు? వాడేటి చేసినాడు?"

"శత్రువు తాతా."

"ఎవులు చెప్పినారు నీకు? వాడి ముఖమైనా చూళ్ళేదు."

ఆయన సణుగుడు పడలేక ఒకరోజు కాల్పులు లేని ఆట ఒకటి పెట్టాను. సముద్రం ఒడ్డున దీపస్తంభం, దాన్ని చూసుకునే ఒక ముసలావిడ, ఆవిడ దగ్గరికి వచ్చిపోయే మనుషులు. అంతే. ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరికి తలుపు తియ్యాలో, ఎవరికి తియ్యకూడదో ఆడేవాళ్ళే ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని బట్టి కథ నడుస్తుంది. ఆ సాయంత్రం తాత కుర్చీ లాక్కుని నా పక్కన చేరాడు. వారం తిరక్కుండానే రిమోట్ లాక్కుని నన్ను పక్క కుర్చీకి మార్చాడు.

ఆ ఆట తయారుచేసింది ఎక్కడో మంచు దేశంలో ఉన్న చిన్న కంపెనీ. దాని పేరు మా యింట్లో ఎవరికీ నోరు తిరగదు. పేరు పక్కన లాంతరు బొమ్మ ఉంటుంది కాబట్టి మాకు వాళ్ళు లాంతరోళ్ళు. తాతకు వాళ్ళ మీద గొప్ప గురి. "ఆళ్ళెవులో గాని రాత్రి డూటీలు చేసిన మనుసులే. లేకపోతే దీపం గురించి అంత బాగా తెలవదు" అనేవాడు.

తాత ఆట ఆడే పద్ధతి వేరు. ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరుంటారు. ఎదురుగా సిగ్నల్ ముందు ఎవరికి కనపడితే వాళ్ళు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. రెండోవాళ్ళు తమ కళ్ళతో చూసి మళ్ళీ చెప్పాలి. చూసింది చెప్పాలి తప్ప విన్నది చెప్పకూడదు. ఇద్దరూ రెండు రంగులు చెబితే, బండిని ఆపమనే రంగునే నమ్మి ఆపెయ్యాలి. నౌకరీ ఉన్నన్నాళ్ళూ తాత ఇలాగే అరిచాడు. ఆటలో కూడా మానలేదు. తెర మీద తలుపు కనపడితే చెయ్యి చాపి "తలుపు!" అంటాడు. నేను చూసి "తలుపు, మూసుంది!" అనాలి. అనకపోతే ఆట ఆగిపోతుంది.

"ఏటే గుంటా, చెప్పవేటి? నోట్లో ఏటున్నాది?"

"చీలా అట్టు తింటున్నా తాతా."

"డూటీలో తిండేటి?"

వంటింట్లోంచి మా మామ్మ లక్ష్మీనరసమ్మ అందుకునేది. "అప్పుడు డూటీ డూటీ అనీసి కోటరులో నన్నొక్కర్తినీ వదిలీసేవోడివి. ఇప్పుడు టీవీ ముందర కూకోని కూడా డూటీయేనా? ఆ పిల్ల తినకూడదేటి?"

"సిగ్నల్ దాటాక తింటాది" అనేవాడు తాత, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఇలా సాగుతుండగా లాంతరోళ్ళ రెండో ఆట ఆడాం. గొడవంతా అక్కడ మొదలైంది.

అది ఏరు దాటించే పడవవాడి కథ. వరద వస్తోంది. ఒడ్డున ఉన్న ఊరివాళ్ళను విడతలు విడతలుగా అవతలికి చేర్చాలి. ఆ ఊళ్ళో ఒక చిన్నపిల్ల ఉంటుంది. ఆటంతా పడవవాడి వెనకే తిరుగుతూ ప్రశ్నలు వేసి ప్రాణం తోడేస్తుంది. దానికి ఆటలో ఏదో పేరుంది గాని, తాత చిన్నమ్మి అని పిలిచేవాడు. దాని చేతిలో ఎర్ర గాజు దీపం ఒకటి ఉంటుంది. "నేను ఈ దీపం ఊపితే నన్ను వదిలి వెళ్ళకు" అని అది అడుగుతుంది. వెళ్ళనని తాత మాటిచ్చాడు. ఇయ్యక్కర్లేదు, "చూద్దాం" అనే జవాబు కూడా ఉంది. కాని తాత ఇచ్చాడు.

చివరి విడత. పడవ నిండిపోయింది. వాన. ఎదురుగా అవతలి రేవులో పచ్చదీపం వెలిగింది. తాత చెయ్యి చాపాడు.

"గ్రీన్!"

"రెడ్!" అన్నాను నేను. "తాతా, ఎడంపక్క ఒడ్డు మీద రెడ్. చిన్నమ్మి దీపం ఊపుతోంది."

"ఏదే రెడ్డు? ఎదురుగా గ్రీన్ కనపడతాంది కదా."

"ఎదురుగా కాదు, ఎడంపక్క!"

"నాకు కనపళ్ళేదంటే లేదు. సిగ్నల్ చూడ్డం నువ్వు నాకు నేర్పుతావేటి?"

బటన్ నొక్కేశాడు. పడవ కదిలిపోయింది. అప్పుడు బొమ్మ మెల్లగా పక్కకు జరిగి ఒడ్డును తెర మధ్యలోకి తెచ్చింది. చిన్నమ్మి దీపం ఊపుతూనే ఉంది. ఊపి ఊపి చెయ్యి దించింది. ఆట అయిపోయింది.

తాత గ్లాసు ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

"మళ్ళీ చివరి భాగం ఆడదాం తాతా. ఈసారి ఆపుదాం. ఏముంది?" అన్నాను.

"రెడ్ దాటీసిన బండిని వెనక్కి తోసీసి, దాటలేదని చెప్పమంటావేటి?" అన్నాడు. "దాటినోడు అక్కడే ఆగిపోవాల. కదపకూడదు."

నౌకరీ మొత్తంలో ఆయన ఒక్క రెడ్ దాటలేదు. బిలాస్‌పూర్ డ్రైవర్లలో ఆ మాట చెప్పుకోగలిగినవాళ్ళకు ఒక హోదా ఉంది. మా యింటి ముందుగదిలో, చెక్క కుర్చీలో కూర్చుని దాటేశాడు. పైగా ఇద్దరం రెండు రకాలుగా చెబితే ఆపాలన్న తన రూలును తనే తప్పాడు. నవ్వుకోవలసిన విషయమే. నేను నవ్వాను కూడా. "రిటైరయ్యాక సస్పెండ్ చేస్తారా తాతా?" అని అడిగితే రిమోట్ నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఎడంపక్క దీపం ఎందుకు కనపడలేదో ఎవరమూ ఆలోచించలేదు. టీవీ పాతదైపోయింది, మూలలు మసకేస్తున్నాయి అన్నాడు నాన్న. తాత ఆ మాటే పట్టుకున్నాడు.

పోయిన చలికాలంలో లాంతరోళ్ళు మూడో ఆట ప్రకటించారు. అదే ఏరు, కొన్నేళ్ళ తర్వాత. రెండో ఆటలో ఎవరు ఏం చేశారో కొత్త ఆటకు గుర్తుంటుంది. పిల్లను ఒడ్డున వదిలేసినవాళ్ళు మళ్ళీ ఆమెను కలుసుకుంటారు. నేనిది ఫోన్లో చదివి చెప్పగానే తాత గ్లాసు కింద పెట్టాడు.

"అయితే అది బతికే ఉందన్నమాట."

"బతికుందని రాయలేదు. కలుస్తారని రాశారు."

"బతకనోళ్ళని ఎలాగ కలుస్తారే? నువ్వు పన్నెండు తప్పడం ఊరికే కాదు."

ఆ రోజు నుంచి మా యింట్లో పొద్దున్న లేవగానే మొదటి ప్రశ్న ఒకటే. "లాంతరోళ్ళు ఏటన్నారు?" వాళ్ళు రోజూ ఏమీ అనరని ఎంత చెప్పినా వినడు. ఒక బొమ్మ విడుదల చేస్తే దాన్ని టీవీలో పెట్టించుకుని, దగ్గరగా జరిగి, తల అటూ ఇటూ తిప్పుతూ వెతికేవాడు. పడవ కొత్తదా పాతదా? రేవు మార్చారా? చిన్నమ్మి ఇప్పుడు ఎంత ఎత్తు ఉంటుంది? తనను గుర్తుపడుతుందా? గుర్తుపడితే ఏమంటుంది? నేను ఒకసారి చిన్నమ్మి గొంతుతో "ఎవరండీ మీరు, బొగ్గు బండి డ్రైవరా?" అన్నాను. తాత నవ్వలేదు. "అలాగనదు. అది అంత చెడ్డ గుంట కాదు" అన్నాడు.

వానలు వెళ్ళాక వస్తుందన్న ఆట దీపావళికి వాయిదా పడింది. ఇంటర్నెట్‌లో జనం లాంతరోళ్ళను బండబూతులు తిట్టారు. తాతకు కోపం రాలేదు. "గూడ్సు డ్రైవరుకి ఇది కొత్తేటి? ఎక్స్‌ప్రెస్ పోవాల, ప్యాసింజరు పోవాల, అందరూ పోయినాక మనం. పక్క లూప్ లైన్లో పెట్టీసినారంటే మనల్ని మరిచిపోయినట్టు కాదు. ముందర లైను ఖాళీ లేదని" అన్నాడు. ఆ తిట్ల మధ్యన తన తరఫున ఒక వాక్యం రాయమని నాకు చెప్పాడు. రూల్సు పుస్తకం ఇంగ్లీషులో అక్షరం అక్షరం చెప్పి రాయించాడు. దాని అర్థం: మీరు నిదానంగానే చెయ్యండి, లైన్ క్లియర్ అయినప్పుడు దయచేసి తెలియజేయగలరు. దానికి కింద ఎవరో లాంతరు బొమ్మ పెట్టారు. కంపెనీవాళ్ళే పెట్టారని తాత నమ్మకం. కాదని నేనెందుకు అంటాను?

ఈలోగా ఇంట్లో గ్లాసులు పడడం మొదలైంది. చేతికి పక్కనే ఉన్న గ్లాసు మోచెయ్యి తగిలి పడేది. గుమ్మం చెక్కకు భుజం కొట్టుకునేవాడు. ఆట కింద వచ్చే మాటలు నన్ను చదవమనేవాడు. "నువ్వు చదివితే కథ బాగుంటాదే" అంటే నేను పొంగిపోయి రకరకాల గొంతులు పెట్టి చదివేదాన్ని. ఒకరోజు కూరగాయల సంతలో రోడ్డు దాటుతుంటే పక్క నుంచి వచ్చిన ఆటో చొక్కా రాసుకుంటూ పోయింది. ఆటోవాడు "అంధా హై క్యా దాదా?", గుడ్డివాడివా అని అరిచాడు. మామ్మ వాడి మీద రెండింతలు అరిచి ఇంటికి వచ్చాక తాత మీద పడింది.

"కళ్ళు చూపించుకోవయ్యా బాబూ అంటే వినవు."

"ఏ-వన్ కళ్ళివి" అన్నాడు తాత. డ్రైవర్లకు చూపు పరీక్షలో అన్నిటికంటే పైమెట్టు అది. రిటైరయ్యే రోజువరకూ ఆయనకు ఆ మెట్టు తగ్గలేదు. "ఎదురుగా ఉన్నది నీకన్నా బాగా కనపడతాంది. నీ ముక్కు మీద పిండంటుకున్నాది, చూసుకో."

నిజంగానే అంటుకుంది. మామ్మ తుడుచుకుని ఊరుకుంది.

దసరా వెళ్ళాక లాంతరోళ్ళు కొత్త వీడియో విడుదల చేశారు. ఆట ఎలా ఉండబోతోందో చూపించే చిన్న ముక్క. తాత తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు. నేను పక్క కుర్చీలో. నాన్న డ్యూటీలో, మామ్మ పెరట్లో ఉన్నారు. వీడియో మొదలైంది. ఏరు, పొగమంచు, ఖాళీ పడవ.

"పడవ!" అన్నాడు తాత చెయ్యి చాపి.

"పడవ, ఖాళీ!" అన్నాను.

తర్వాత కొన్ని నేను ముందు చెప్పాను, ఆయన మళ్ళీ చెప్పాడు. ఎడంపక్క చెట్టు. చెట్టు. కుడిపక్క మెట్లు. మెట్లు. ఇన్నాళ్ళూ నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. తెర మధ్యలో ఉన్నవి తాత ముందు చెబుతున్నాడు. పక్కల్లో ఉన్నవి నేను చెప్పాకే చెబుతున్నాడు. నాకు అల్లరి పుట్టింది.

"కుడిపక్క ఏనుగు!" అన్నాను.

తాత చెయ్యి చాపాడు. "ఏనుగు!"

మంచు దేశపు ఏట్లో ఏనుగు. పకపకా నవ్వబోయాను. ఆయన ముఖం చూస్తే నవ్వు రాలేదు. చెయ్యి ఇంకా చాపే ఉంది. చూపుడు వేలు ఖాళీ గోడ వైపు ఉంది. కళ్ళు ఎదురుగా ఉన్నాయి.

వీడియో ఆపేశాను. లేచి వెళ్ళి ఆయన ఎడంపక్క నిలబడి చెయ్యి ఊపాను. తల తిప్పలేదు.

"ఆపీసినావేటే?" అన్నాడు, ఖాళీ అయిన నా కుర్చీ వైపు తిరిగి.

"తాతా, అక్కడ ఏనుగు లేదు."

తాత చాపిన చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అరవకు. మామ్మ వింటాది."

"ఎన్నాళ్ళ నుంచి తాతా?"

ఆయన లేచి మంచం కిందనుంచి డ్యూటీకి తీసుకెళ్ళే పాత ఇనప పెట్టె లాగాడు. అందులో కంటి చుక్కల సీసాలు. కొన్ని ఖాళీ, కొన్ని సగం. రైల్వే ఆస్పత్రికి బీపీ మాత్రల కోసమని వెళ్ళినప్పుడు కళ్ళు చూపించుకున్నాడట. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా పక్కల నుంచి చూపు తినేసుకుంటూ వచ్చే జబ్బు. గ్లాకోమా. ఇక్కడ అందరూ కాలా మోతియా అంటారు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది ఉంచడానికే ఆపరేషన్. చుక్కలతో ఒత్తిడి తగ్గట్లేదు, త్వరగా చేయించుకోమని డాక్టరు చెప్పాడు. తాత దీపావళి వెళ్ళాక వస్తానన్నాడు.

"ఎందుకు? ఆట కోసమా?"

"నూకరాజుకి ఏటయిందో నీకు తెలుసు కదా" అన్నాడు.

నూకరాజు తాత దగ్గర చాలాకాలం అసిస్టెంటుగా చేసిన మనిషి. ఆయనకూ ఇదే జబ్బు. ఆపరేషన్ చేయించుకున్నాడు, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది వెలుగూ చీకటీ తప్ప చెప్పదు. ఆపరేషనే తన చూపు తీసేసిందని ఊరంతా చెప్పుకున్నాడు.

"ముందర ఆట రానీ" అన్నాడు తాత. గొంతు మెత్తబడింది. "ఉన్న చూపుతో ఆ చిన్నమ్మిని ఇవతలికి తెచ్చీసుకుంటాను. తర్వాత ఏటైనా అవనీ. కత్తి పెట్టించుకున్నాక అంతా చీకటైపోతే, అది అక్కడ దీపం పట్టుకోని అలాగే నిలబడి ఉంటాది కదే."

బొమ్మ తాతా అది, అనబోయాను. అనలేకపోయాను. ఏనుగు మాట అప్పటికే ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్న నూకరాజు తాతను చూసొద్దామని మా తాతను ఊళ్ళోనే ఉన్న తార్‌బహార్ పేటకు తీసుకెళ్ళాను. ఎందుకో చెప్పలేదు. ఆయన ఇల్లు కొడుకు కిరాణా కొట్టు వెనకే. కొట్టు నుంచి పప్పుల వాసన, అగరొత్తుల వాసన కలిసి వస్తుంటాయి. నూకరాజు తాత మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"జగ్గడేనా? పక్కన ఎవులు?"

"జోతినండి" అన్నాను. "మీ కళ్ళ గురించి అడగడానికొచ్చాం. తాతకూ అదే జబ్బు."

తాత నా జడ పట్టుకోబోయాడు. పక్కకు జరిగాను, ఆయనకు అందలేదు. కనపడలేదు కూడా.

నూకరాజు తాత రేడియో ఆపాడు. "డాక్టరేటన్నాడు?"

"ఆపరేసనంటున్నాడు. నీకు జరిగింది తెలిసి కూడా చేయించుకుంటానేటిరా?" అన్నాడు తాత.

నూకరాజు తాత తలుపు వైపు ముఖం తిప్పి, కొడుకు కొట్లోనే ఉన్నాడని మాటల బట్టి చూసుకుని గొంతు తగ్గించాడు. "ఆపరేసన్ తియ్యలేదురా నా కళ్ళు. రమ్మన్నప్పుడు నాను ఎల్లలేదు. పిల్ల పెళ్ళి అన్నాను. కొట్టు తెరవాల అన్నాను. ఎండలు తగ్గనీ అన్నాను. ఎల్లేటప్పటికే ఈ కంట్లో ఏటీ మిగల్లేదని డాక్టరు అప్పుడే చెప్పీసినాడు. రెండోదాంట్లో ఉన్న ఆ కాస్తయినా ఉంచుదామని కోసినాడు."

"మరి ఆపరేసన్ పాడుచేసిందనీసి అందరికీ చెప్పినావు కదరా?"

"నా ఆలీసెం అని చెప్పుకోమంటావేటి, కొడుకూ కోడలూ ఎదరా?"

తాతకు కోపం వచ్చింది. అంత కోపం నేను చూడలేదు. కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నీ మాట పట్టుకునే కదరా నేను ఇన్నాళ్ళూ ఆగినాను!"

నూకరాజు తాత తల దించుకున్నాడు. నిదానంగా అన్నాడు. "తప్పే. కాని నన్నంటావేటి బావు? నాను రెడ్ అన్నాను, నువ్వు చూడకుండానే రెడ్ అనీసినావు. అలాగ చెప్పొద్దని నాకు నేర్పినోడివి నువ్వే కదా."

టీ వచ్చింది. ఇద్దరూ తాగలేదు. నేను రెండు గ్లాసులూ తాగాను, కోడలు నొచ్చుకోకుండా.

ఇంటికి వచ్చాక కూడా తాత దారికి రాలేదు. దీపావళి దగ్గరికొచ్చేసింది, ఆట వచ్చేస్తోంది, ఈ నాలుగు రోజుల్లో కొత్తగా పోయేదేముంది అని వాదించాడు. నేను మామ్మకు చెప్పేస్తానని బెదిరించాను. చెబితే నాతో ఆడనన్నాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా మూతులు ముడుచుకుని చెరో గదిలో కూర్చున్నాం. రోజూ పొద్దున్న మాత్రం గది బయటినుంచి ఆ ప్రశ్న వచ్చేది. "లాంతరోళ్ళు ఏటన్నారు?"

దీపావళి ముందు వారం వాళ్ళు అన్నారు. ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎలా చెప్పాలో తెలియలేదు.

"తాతా, మళ్ళీ ఆపేశారు. ఈసారి తారీఖు కూడా ఇవ్వలేదు."

"ఏటి కారణం?"

చదివి వినిపించాను. ఆట అయిపోయిందట. చివరిసారి మొదట్నుంచీ ఆడి చూసుకుంటే, ఆ పిల్ల కలిసే చోట కథ తప్పుగా నడుస్తోందని తెలిసిందట. ఇప్పుడే విడుదల చేస్తే ఎవరూ పట్టుకోకపోవచ్చు. కాని తమకు కనపడ్డాక అలాగే పంపించలేమని, క్షమించమని రాశారు.

తాత చాలాసేపు కిటికీ వైపు చూశాడు. అక్కడ కుండీలో తులసి మొక్క ఉంది. దాన్నే చూశాడో, దాని పక్కన ఏమీ లేని చోటు చూశాడో.

"ఆపీసినారన్నమాట" అన్నాడు. "తప్పు కనపడింది, ఆపీసినారు." నా వైపు తిరిగి, "నువ్వు ఆ రోజు ఏ రంగు చెప్పినావే?" అన్నాడు.

"రెడ్."

"నేను?"

"గ్రీన్."

"ఇప్పుడేటంటావు?"

"ఇప్పుడూ రెడ్డే తాతా. ఇక ఆట కోసం ఆగకు."

రిమోట్ తీసి దాని తీగ చుట్టి, ఇనప పెట్టెలో చుక్కల సీసాల పక్కన పెట్టాడు. "మామ్మని పిలు" అన్నాడు.

మామ్మ విన్నది. అరుస్తుందనుకున్నాం. అరవలేదు, అది ఇంకా కష్టమైంది. ఆ రోజు నుంచి ఆపరేషన్ రోజు వరకూ ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఆయన పక్కనే నిలబడి "జోతీ, ఇడ్లీ ఇంకోటి కావాలేమో అడుగు" అనేది. ఆయన "కావాలని చెప్పు" అనేవాడు. నేను మధ్యలో కూర్చుని ఇడ్లీ నా ప్లేటులో వేసుకునేదాన్ని. ఆస్పత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం మామ్మ వెంట నడిచి, ఆయనకు ఎడంపక్కగా కాకుండా సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇక్కడ ఉన్నాను. కనపడతన్నానా?" అంది. "కనపడతన్నావు" అన్నాడు తాత. అవే మొదటి మాటలు.

ఎడమ కంటికి చేశారు. తర్వాత కుడికంటికి చెయ్యాలి. ఒత్తిడి కొంత తగ్గిందని, కొన్నాళ్ళు చూస్తేగాని చెప్పలేమని డాక్టరు అన్నాడు. కంటి మీద చిల్లుల ప్లాస్టిక్ గిన్నెలాంటిది అతికించారు. అది తీశాక చూపు మునుపటికంటే మసగ్గా ఉంది. అది తేరుకుంటుందో, ఇంతేనో మాకు తెలియదు. పోయిన పక్కలు ఎలాగూ రావు. మామ్మ చుక్కలు వేస్తుంది. తల వంచొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి, ఆయన వంచబోతే నేను కేకలేస్తాను. లాంతరోళ్ళు ఇంకా తారీఖు చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం తాత ఇనప పెట్టె తీయించాడు. ఆట ఆడడానికి కాదు, ఆ పాత వీడియో ముక్క చూస్తానన్నాడు. తువ్వాలు సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఏరు వచ్చింది. పొగమంచు వచ్చింది.

"పడవ!" అన్నాడు.

"పడవ, ఖాళీ!" అన్నాను.

ఏనుగు లాంటి వేషాలు వెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. వీడియో చివర ఎడంపక్క అంచులో ఒక మనిషి ఒక్క క్షణం కనపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా అల్లరిలో పడి అక్కడిదాకా రానే లేదు.

"ఎడంపక్క, ఒడ్డు మీద, మనిషి" అన్నాను. "ఆడమనిషి. పెద్దదైంది. చేతిలో దీపం."

తాత చెయ్యి లేచింది. సగంలో ఆగింది. తల ఎడమకు తిప్పాడు, మళ్ళీ కొంచెం తిప్పాడు. మసక కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను చెప్పిన మాటే మళ్ళీ చెప్పేస్తాడేమోనని భయపడ్డాను.

"కనపళ్ళేదు" అన్నాడు.

"మరి?"

"కనపడకపోతే ఆపీయాలే. రెడ్ అన్నట్టే లెక్క."

నేను ఆపాను. ఏరు నిలిచిపోయింది. తాత కుర్చీలోంచి లేచి, టీవీ దగ్గరికి నడిచి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగబోయాడు. "వంగకు!" అని అరిచాను. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తల నిటారుగా ఉంచి. ఆ మూలనే ఎదురుగా పెట్టుకుని, అంగుళం అంగుళం వెతకడం మొదలెట్టాడు.